కూరమడిలో కొత్తిమీర పూలు

సింగరాయకొండలో రైలు దిగి, వరాహ నరసింహస్వామి కొండకు నమస్కరించి, సముద్రతీరమునందలి పాకల దారి పట్టినవారికి నేల క్రమముగా మారుచు కనిపించును. ఎర్రనేల పలుచబడి ఇసుక మొదలగును. సరుగుడు తోటలు ఎదురగును. గాలిలో ఉప్పు తగులును. ఆ వైపున ఒక పల్లెలో గ్రామస్థుల మాటలు రికార్డు చేయబోయిన దినమున, మేము ఒక పెరటిలో కొంతసేపు కూర్చుంటిమి. పెరడు పెద్దది కాదు. నూతి ప్రక్కన కరివేపచెట్టు, అంట్లు తోమిన నీరు పారుచోట పుదీన, నడుమ తులసికోట, దడి పొడుగునను బంతిమొక్కలు. వీనికావల రెండు చిన్న మళ్ళలో వంగమొక్కలు. ఆ వంగమొక్కల సందున కొత్తిమీర ముదిరి, తెల్లని పూలు పూసి నిలిచియున్నది.

ఆకు కోసికొనవలసిన దశ దాటిపోయినను దానిని పెరికివేయకుండుట మాకు వింతగా తోచి, ఇంటి పెద్దావిడను అడిగితిమి.

"అవ్వా, కొత్తిమీర ముదిరిపోయింది గదా, ఇంకా ఎందుకు ఉంచారు?"

"విత్తనానికి నాయనా. అదిగాక, ఆ పూలు ఉన్నన్నాళ్ళు వంగచెట్టుకు అండగా ఉంటాయని మా అత్తగారు చెప్పేది. ఎందుకో నాకు తెలవదు. నువ్వు చదువుకున్నోడివి గదా, నువ్వే చెప్పు."

మాకును తెలియదు. ఆ మాటయే అంగీకరించి, టేపు సర్దుకొని వచ్చితిమి. తరువాత కొన్ని నెలలపాటు దొరికినంత చదివి, తెలిసినవారిని అడిగి కూర్చుకొనిన సమాధానమే ఈ ప్రసంగము. అది ఒక మొక్క కథతో ఆరంభమై, మన మైదానములలోని సేద్యపు చరిత్రగా విస్తరించినది.

ముందుగా ఆ నేల సంగతి చెప్పవలెను. సింగరాయకొండ ఒకప్పుడు నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలోనిది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడినది. ఇచ్చట సముద్రమునకు దాపున ఇసుకనేల, కొంచెము లోపలికి పోయిన ఎర్రని తేలికనేల, ఇంకను ఉత్తరముగా గుంటూరు వైపునకు సాగిన నల్లరేగడి. ఇసుకనేలలో వాననీరు ఇంకి, అడుగుననున్న ఉప్పునీటిమీద మంచినీరు పలుచని పొరగా తేలియుండును. దానిని కదలింపకుండ అందుకొనుటకు మన పెద్దలు లోతులేని గుంటలు త్రవ్విరి. వానినే దొరువులందురు. దొరువులో దిగి, రెండు కడవలు ముంచి, నారుమళ్ళకు చల్లుట ఈ తీరమున తరతరాల పద్ధతి. లోతుగా త్రవ్వినచో ఉప్పునీరు పైకి వచ్చును. ఎక్కువగా తోడినను వచ్చును. ఈ కిటుకునే ఆధారముగా జేసికొని బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా కేంద్రమువారు మెరుగుపరచిన దొరువు పద్ధతిని రూపొందించిరి.

ఇంత పొదుపుగా నీరు వాడవలసినచోట సువాసన మొక్కలకై ప్రత్యేకముగా ఒక తోట వేయుట సాధ్యము కాదు. కూరమొక్కకు పోసిన నీటిలోనే కొత్తిమీరకును పాలు దొరకవలెను. వంటింటినుండి పారు నీటితోనే కరివేపయు పుదీనయు బ్రదుకవలెను. కావుననే మన పెరళ్ళలో కూరమొక్కయు పోపుమొక్కయు కలసి పెరిగినవి. పాశ్చాత్య దేశములందు మఠములలోను, జమీందారుల కోటలలోను ఈ మొక్కలకు వేరుగా మళ్ళుకట్టి పెంచిన ఆచారమున్నది. సుమారు 800 సంవత్సర ప్రాంతమున షార్లమేన్ చక్రవర్తి ఎస్టేటులకై వ్రాయబడిన ఒక ఆజ్ఞాపత్రములో పెంచవలసిన మొక్కల జాబితా గలదు. అందులో మన ధనియాలును, మెంతులును చోటుచేసికొన్నవి. మన యిండ్లలో అట్టి జాబితాలు లేవు. అత్త కోడలికి చెప్పిన మాటయే జాబితా.

ఈ మొక్కలలో కొన్ని మనవి, కొన్ని పరదేశమునుండి వచ్చి మనవైనవి. కొత్తిమీర పుట్టినిల్లు మధ్యధరా సముద్ర ప్రాంతము. క్రీస్తు పూర్వము 14వ శతాబ్దమున ఈజిప్టును పాలించిన టుటంఖామున్ సమాధిలో ధనియాలు దొరకినవి. మన దేశమునకును అది ప్రాచీన కాలముననే చేరియుండవలెను. ఏలయన పాణిని వ్యాకరణ సూత్రములలో ఒకటి ధనియాలకు పేరైన 'కుస్తుంబురు' శబ్దమును సాధించుటకే ఏర్పడినది. మహారాష్ట్రుల 'కోథింబీరు', మన 'కొత్తిమీర' ఆ మాటకు చుట్టములే.

కరివేప మాత్రము అచ్చముగా మన గడ్డమీది చెట్టు. అయినను దాని శాస్త్రీయ నామములో ఒక పరదేశి పేరు నిలిచిపోయినది. జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ అను వైద్యుడు స్వీడను దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్‌కు శిష్యుడు. అతడు తరంగంబాడిలోని డేనిష్ స్థావరమునకు వచ్చి, దక్షిణదేశమెల్ల తిరిగి మొక్కలు సేకరించి గురువునకు పంపెను. 1771లో లిన్నేయస్ కరివేపకు శిష్యుని పేరుమీదుగా 'కోనిగై' అని నామకరణము చేసెను. ఆ కోనిగ్ 1785లో మన కాకినాడలోని జగన్నాథపురమున జబ్బుపడి మరణించెను. సామర్లకోటలో తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలపై గొప్ప గ్రంథము వెలువరించిన విలియం రాక్స్‌బర్గ్ ఆ చివరి దినములలో అతనికి వైద్యము చేసెను. నిత్యము మన పోపులో చిటపటలాడు ఆకు వెనుక ఇంత కథ యున్నదని తెలిసినపుడు, చారులోని కరివేపాకును ఏరి ప్రక్కన పెట్టు చేయి ఒక్క క్షణమైన ఆగును.

16వ శతాబ్దమున పోర్చుగీసు ఓడలలో మరియొక గుంపు మొక్కలు మన రేవులకు రాసాగినవి. మిరప, పొగాకు, బంతి, టమాటా — ఈ నాలుగును అమెరికా ఖండపు సంతతియే. అంతవరకు తెలుగువారి కూరలలో కారమనగా మిరియపు కారమే. మిరప వచ్చి, మిరియము పేరులోను పాలు పంచుకొని, దాని స్థానమునే ఆక్రమించుకొన్నది. బంతి దేవునికి దండయై, గుమ్మమునకు తోరణమై, ఇది మనది కాదన్న తలంపే రాకుండ కలసిపోయినది. తరువాతి చరిత్రలో మిరపకును, టమాటాకును ఈ బంతియే ఎట్లు అక్కరకు వచ్చినదో ముందు చెప్పెదము.

మిరపయు పొగాకును మొదట పెరటి మొక్కలుగా వచ్చి, క్రమముగా చేలలోనికి దిగినవి. 1899లో విజయవాడకును చెన్నపట్టణమునకును మధ్య రైలుదారి పూర్తియైనది. కందుకూరువారికి సింగరాయకొండయే రైలుస్టేషను. రైలు వచ్చుటతో పంట తిండికి కాక అమ్మకమునకు పండించుట సులభమైనది. 1920 ప్రాంతమున గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు సేద్యము ప్రారంభమైనది. 1936లో గుంటూరులో సిగరెట్టు పొగాకు పరిశోధనా ఉపకేంద్రము ఏర్పడినది. కందుకూరు ప్రాంతపు తేలికనేలలు ఈ పొగాకునకు పేరెన్నికగన్నవి. నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు వ్యాపించినవి. ఈ పంటలు ఇంటికి డబ్బు తెచ్చినవి, పిల్లలకు చదువులు తెచ్చినవి. వానిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని కనుచూపు మేర ఒక్కటే మొక్కయుండుట అప్పటినుండియే మొదలైనది. చేనిగట్టున నాలుగు ఆముదపు చెట్లు, సాళ్ళ నడుమ కొంచెము కొత్తిమీర, ఒక వరుస బంతి — ఇవి లెక్కకు రాని మొక్కలైపోయినవి. డబ్బు పంట మగవాని చేనిలో పెరిగినది. లెక్కకు రాని మొక్క ఆడవారి పెరటిలోనికి ఒదిగినది.

ధనియాలు మాత్రము చేనిని పూర్తిగా విడువలేదు. అక్టోబరు, నవంబరు మాసములలో నల్లరేగడిలో మిగిలిన చెమ్మమీదనే చల్లి, నీరు కట్టకయే పండించు ధనియాల పంట గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పాతది. గుంటూరునకు చేరువనున్న లాం పరిశోధనా క్షేత్రము 1922లో నెలకొన్నది. మిరపకు పేరుగాంచిన ఈ క్షేత్రమునుండియే స్వాతి, సాధన, సుధ మున్నగు ధనియాల వంగడములు వెలువడినవి. మెంతులయందును ఇచ్చట రకములు రూపొందినవి. పోపుల పెట్టెలోని గింజలకు శాస్త్రజ్ఞులు ఇంత శ్రమ చేసినారన్న సంగతి పట్టణములలో ఎందరికో తెలియదు.

ఇక కథలోని కష్టకాలము. 1970 తరువాత కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల రేగడిలో ప్రత్తి విపరీతముగా విస్తరించినది. 1980 ప్రాంతమున కొత్త పురుగుమందులు వచ్చినవి. మొదట అవి అద్భుతముగా పనిచేసినవి. రైతులు వారమునకొకమారు, పిదప అంతకంటెను తరచుగా చల్లసాగిరి. శనగపచ్చ పురుగు ఆ మందులకు అలవాటుపడినది. తెల్లదోమను తిని బ్రదుకు మేలు పురుగులు మందులకు బలియైనవి. తెల్లదోమ మాత్రము మిగిలినది. 1980 దశకము నడుమ తెల్లదోమ ఉప్పెనవలె వచ్చి ప్రత్తిచేలను మాడ్చివేసినది. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాలలో అప్పులలో మునిగిన ప్రత్తిరైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. దేశమును కదలించిన ఆ విషాదమునకు పురుగొక్కటే కారణము కాదు. వడ్డీ, కౌలు, ధర, వాన — అన్నియు తోడైనవి. కాని పురుగునకు చల్లిన మందే అప్పుగా మిగిలినదన్నమాట కాదనరానిది.

ఇచ్చట మా వృత్తిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. ఆ సంవత్సరములలో రేడియో పెట్టెలనుండి మందుల పేర్లు, మోతాదులు చదివి వినిపించిన గొంతులును గలవు. చదివినవారు చెడు తలపెట్టలేదు. నాటి శాస్త్రము చెప్పినదే చెప్పిరి. అయినను, వంగమడిలో కొత్తిమీర పూలను ఎందుకుంచితివని ఒక పెరటి యజమానురాలిని అడుగుటకు ఆనాడు మైకు పట్టుకొని పోయినవారు బహుశః అరుదు. చెప్పుటయే గాని వినుట తక్కువైనది. ఈ సంగతి వ్రాయుటకు మాకు సంకోచమున్నను, వ్రాయకుండుట న్యాయము కాదు.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు సమాధానము. కొత్తిమీర పువ్వు గొడుగు ఆకారమున నుండు చిన్నపూల గుత్తి. దానిలోని తేనె లోతుగా నుండదు. అందువలన పొడవైన తొండము లేని చిన్నచిన్న కీటకములు కూడ దానిని త్రాగగలవు. ఆ చిన్న కీటకములే మన కాపలాదారులు. పేనుబంకను తిను అక్షింతల పురుగులు, పిల్లదశలో అదే పని చేయు సిర్ఫిడ్ ఈగలు, అల్లికరెక్కల పురుగులు, ఇతర పురుగుల గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి వానిని నాశనము చేయు ట్రైకోగ్రామా వంటి కంటికి ఆనని కందిరీగ జాతులు — వీనిలో పలువురకు పెద్దయైన పిదప తేనెయు పుప్పొడియు ఆహారము. ప్రక్కన పువ్వున్నచో అవి అచ్చటనే నిలుచును. వంగతోటలో కొత్తిమీర, సోంపు వరుసలు వేసి చూచిన ప్రయోగములలో మొవ్వును, కాయను తొలుచు పురుగు బెడద కొంత తగ్గినట్లు శాస్త్రజ్ఞులు గమనించిరి. కొత్తిమీర ఘాటైన వాసన వంగమొక్క వాసనను మరుగుపరచి, తల్లిరెక్కలపురుగును తికమక పెట్టుననియు కొందరి అభిప్రాయము. అవ్వ అత్తగారు చూచినది ఈ మేలునే. పేర్లు మాత్రము ఆమెకు అక్కరలేకపోయినవి.

బంతి పని వేరు. దాని వేళ్ళనుండి వెలువడు ఒక పదార్థము వేరుముడి నులిపురుగులను అణచును. కాయతొలుచు శనగపచ్చ పురుగు టమాటా పూతకంటె బంతిపూవును ఎక్కువగా ఇష్టపడి అచ్చట గ్రుడ్లు పెట్టును. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి నాటవలెనని సిఫారసు చేసిరి. రెండును ఒకేసారి పూయుటకై 40 దినముల బంతినారును, 25 దినముల టమాటానారును కలిపి నాటవలెను. ఆముదమును అట్లే. పొగాకు లద్దెపురుగు ఆముదపుటాకును చూచినచో మిరపను, పొగాకునారును విడిచి దానిమీద వ్రాలును. ఆ ఆకును గ్రుడ్లతో సహా కోసి పారవేసినచో పని సగము తీరినట్లే. ఇట్టి మొక్కలను నేడు ఎర పంటలందురు. ఒకనాడు లెక్కకు రావని గట్టుమీదనుండి తొలగించినవి ఈ మొక్కలే.

పాత గ్రంథములును ఈ దారిలో వెలుగుచూచినవి. సురపాలుని వృక్షాయుర్వేదము అను సంస్కృత గ్రంథపు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులో నుండగా, సికిందరాబాదులో 1994లో వెలసిన ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థవారు దానిని తెప్పించి 1996లో ఆంగ్లానువాదముతో ప్రచురించిరి. వాయువిడంగము మొదలగు ఘాటైన మూలికలను చెట్ల చీడలకు ఎట్లు వాడవలెనో అందులో విస్తారముగా నున్నది.

కాని మార్పు తెచ్చినది గ్రంథములకంటె స్త్రీల సంఘములే. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామమువారు 1999 తరువాత క్రమముగా మందులు మానివేసి, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయము, ఎర పంటలు వాడిచూచిరి. కొద్ది యేండ్లలోనే ఆ గ్రామము పురుగుమందులు లేని గ్రామముగా ప్రకటించుకొన్నది. ఆ అనుభవము ఆధారముగా నాటి ఉమ్మడి రాష్ట్రములో స్వయంసహాయక సంఘముల ద్వారా ఈ పద్ధతి వేలాది గ్రామములకు వ్యాపించినది. 2014లో రాష్ట్రము విడివడిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యమున ప్రకృతి వ్యవసాయమను పేర అది కొనసాగినది. పెరటిలోనికి ఒదిగిన మొక్క పెరటి యజమానురాలి చేతిమీదుగానే తిరిగి చేనిలో అడుగు పెట్టినదని మేము తలచుచున్నాము.

ఇంత చెప్పి, ఈ మొక్కలే సర్వరోగ నివారిణులని చెప్పినచో పాత తప్పునే కొత్తరూపమున చేసినవారమగుదుము. 2021–22లో మిరపతోటలపై దండెత్తిన నల్ల తామరపురుగును గుంటూరు, ప్రకాశం రైతులు మరువలేరు. అది పూలలోనే దాగి పెరుగునది. దానికి బంతివరుస అడ్డుగోడ కాజాలదు. కాని ఆనాడును శాస్త్రజ్ఞులు మొదట చెప్పిన హితవు, భయముతో మందులమీద మందులు చల్లవద్దనియే. నీలిరంగు జిగురు అట్టలు పెట్టుడు, మేలు పురుగులను చంపుకొనకుడు అని చెప్పిరి. అట్లే కరివేపకును ఒక దోషమున్నది. బత్తాయి, నిమ్మ చెట్లలో తెగులును వ్యాపింపజేయు ఒక చిన్న పురుగు కరివేప చిగురుమీద కూడ పెరుగును. కావున నిమ్మతోటకు దాపున కరివేపను నాటరాదు. పుదీన మంచిదే, కాని చోటిచ్చినచో మడియంతయు తనదే యనును. దానికి ఒక పగిలిన కుండయో, వేరు గుంటయో కేటాయించుట మేలు.

మా శ్రోతలలో పెరడు గలవారెందరో గలరు. మిద్దెమీద నాలుగు కుండీలు గలవారు అంతకంటె ఎక్కువ. వారికి మేము చెప్పగలిగినది స్వల్పము. ధనియాలను రెండు బద్దలగునట్లు నలిపి విత్తుడు. అట్లు చేసినచో మొలక త్వరగా, నిండుగా వచ్చును. పదిహేను దినములకొకమారు కొంచెముగా విత్తుచున్నచో ఆకు ఎప్పుడును కొరతపడదు. అన్నింటికంటె ముఖ్యముగా, ప్రతిమారు నాలుగు మొక్కలను కోయక పూవునకు విడువుడు. పూసిన దినములలో వానిమీద ఏ మందును చల్లకుడు. ప్రొద్దుట కొంతసేపు ఆ పూల ప్రక్కన కూర్చుండి, వ్రాలుచున్నవారెవరో గమనింపుడు.

ఈ మధ్య మరల ఆ పల్లెకు పోయినపుడు ఈ సమాధానమంతయు అవ్వకు విన్నవించితిమి. సిర్ఫిడ్ ఈగల పేరు, కందిరీగల సంగతి, టమాటాకు బంతి లెక్క — అన్నియు ఓపికగా విన్నది. చివరకు మా చేతిలో ఒక కాగితపు పొట్లము పెట్టినది. ఆ పూలే ముదిరి ఎండిన ధనియాలు.

"ఇంత కథ ఉందని మా అత్తకు తెలవదు నాయనా. తెలిసినా ఇట్టాగే వేసేది. తీసుకుపోయి మీ పెరట్లో చల్లుకో."

చల్లితిమి. ఈ ప్రసంగము వ్రాయునాటికి అవి మొలకెత్తినవి.